పువ్వు దగ్గరే కూర్చోండి: పువ్వులు, పుప్పొడి, తేనెటీగల క్లోజప్ ఫొటోలకు సమగ్ర మార్గదర్శి

పుష్యమాసంలో మా స్టూడియోకి పనుండదు. పెళ్లిళ్లు లేవు, గృహప్రవేశాలు లేవు. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో తెలుగిళ్లే కాదు, ఒడియా ఇళ్లూ ఆ నెల్లో ముహూర్తాలు పెట్టుకోవు. సరిగ్గా అప్పుడే చుట్టుపక్కల జీడితోటలు పూతకొస్తాయి, మామిడి మొగ్గ తీస్తుంది, పెరళ్లలో వంగ మొక్కలు నిండా పూసి ఉంటాయి. పెళ్లి కెమెరా ఖాళీగా ఎందుకని మొదలుపెట్టిన పని ఇది. ఇప్పుడు మంచి ముహూర్తాల కంటే పుష్యం కోసమే ఎక్కువ ఎదురుచూస్తున్నాను.

మొదటి ఏడాది తేనెటీగల వెనకాల పరుగెత్తాను. పందిట్లో చంటిపిల్లాడి వెనక కెమెరా పట్టుకుని తిరిగినట్టే అయింది. వందల ఫొటోల్లో మిగిలినవి మసకబారిన వీపులే. రెండో ఏడాది పరుగు మానేసి ఒక్క గుమ్మడి పువ్వు దగ్గర చాప వేసుకుని కూర్చున్నాను. అరగంటలో వాటంతటవే వచ్చాయి. ఈ మార్గదర్శి మొత్తం ఆ చాప మీద నేర్చుకున్నదే. అందుకే లెన్సుతో కాకుండా పువ్వుల వేళలతో మొదలుపెడుతున్నాను.

ముందు పువ్వు వేళ తెలుసుకోండి

ప్రతి పువ్వుకీ ఒక వేళ ఉంటుంది. అది విచ్చే గంటలో పుప్పొడి తాజాగా, నిండుగా ఉంటుంది. మరో రెండు గంటలకు తేనెటీగలు ఊడ్చుకుపోతాయి, ఇక మీకు మిగిలేది ఖాళీ పుప్పొడి తిత్తులే.

గుమ్మడి పువ్వు తెల్లవారేసరికి విచ్చుకుని, ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. కాబట్టి వెలుగు రాగానే పాదు దగ్గర ఉండాలి. కింద చిన్న పిందె ఉంటే ఆడపువ్వు, సన్నటి కాడ మీద నిలబడి ఉంటే మగపువ్వు. పుప్పొడి కావాలంటే మగపువ్వు దగ్గర కూర్చోండి. లోపలికి దిగిన తేనెటీగ పసుపుకొట్టులోంచి వచ్చినట్టు ఒళ్లంతా పులుముకుని బయటికొస్తుంది.

బీర, ఆనప దీనికి పూర్తిగా తిరగబడి ఉంటాయి. బీర సాయంత్రం పూస్తుంది, ఆనప చీకటి పడే వేళకి తెల్లగా విచ్చుకుంటుంది. రాత్రి తిరిగే పెద్ద చిమ్మటలు ఆనపకి వస్తాయి. గాల్లోనే నిలిచి పొడవాటి నాలుక చాపుతాయి. వాటిని ఫ్లాష్ లేకుండా తీయడం కుదరదు. నువ్వు పూలు తెల్లవారుజామున విచ్చుకుంటాయి. వరి పొద్దెక్కాక పూస్తుంది. ఊక విచ్చుకుని కేసరాలు బయటికి వేలాడేది కాసేపే, తర్వాత మూసుకుంటుంది. వరికి తేనెటీగతో పనిలేదు కాబట్టి అక్కడ పురుగు కోసం ఎదురుచూడకండి, వేలాడే కేసరాలనే తీయండి.

చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. పువ్వు పేరు, విచ్చిన వేళ, వచ్చిన పురుగు, గాలి ఎప్పుడు లేచింది, ఇంతే రాస్తే చాలు. ఒక్క పూతకాలం రాస్తే మీ ఊరి పూల పంచాంగం మీ చేతిలో ఉంటుంది. మాకు శీతాకాలంలో పొద్దున్న తొమ్మిది దాటితే కొండల వైపు నుంచి గాలి మొదలవుతుంది, ఆ తర్వాత క్లోజప్ పని దండగ. మీ ఊళ్లో ఎప్పుడో మీరే చూసుకోవాలి.

నూనెగింజల పంట వలిసెల సంగతి వేరుగా చెప్పాలి. అక్టోబరు, నవంబరు నెలల్లో కొరాపుట్ పీఠభూమి మీద మెట్ట పొలాలు పసుపు పరుచుకున్నట్టుంటాయి. పర్లాకిమిడి నుంచి గుణుపురం, రాయగడ మీదుగా వెళితే రోజంతా ప్రయాణం. అయినా ఏడాదికొకసారి వెళతాను, ఎందుకంటే వలిసె తన పుప్పొడితో తాను గింజ కట్టుకోలేదు, పక్క మొక్క పుప్పొడి తెచ్చిపెట్టడానికి తేనెటీగ కావాలి. అందువల్ల ఆ పొలాల్లో వాటికి కొదవ ఉండదు. దగ్గరగా చూస్తే వలిసె ఒక్క పువ్వు కాదు. చుట్టూ పసుపు రేకులు, మధ్యలో చిట్టి పూల గుంపు. ఆ చిట్టి పూలు అంచు నుంచి లోపలికి వరస తర్వాత వరసగా విచ్చుకుంటాయి. ఒక్కోదానిలో కీలం పైకి పెరుగుతూ పుప్పొడిని పిచికారీ ముషలంలా బయటికి తోస్తుంది. ఫోకస్ పెట్టాల్సింది ఆ రోజు విచ్చిన వరస మీదే. మధ్యలో మొగ్గల మీద పెడితే ఫొటోలో పుప్పొడి ఉండదు.

లెన్సు: కొనే ముందు ఇంట్లో ఉన్నది చూడండి

వస్తువు కెమెరా లోపలి సెన్సర్ (బొమ్మ పడే పలక) మీద తన అసలు సైజులోనే పడితే దాన్ని 1:1 అంటాం. ఆ స్థాయికి చేరడానికి నాలుగు దారులు ఉన్నాయి.

అన్నిటికంటే చవక, లెన్సుని తిరగేసి బిగించడం. రివర్స్ రింగ్ అని చిన్న లోహపు చుట్టు దొరుకుతుంది. 50 మి.మీ. లెన్సు తిరగేస్తే దాదాపు 1:1 వస్తుంది. కిట్ లెన్సు 18 దగ్గర పెట్టి తిరగేస్తే సుమారు 3:1 (అసలు సైజుకి మూడు రెట్లు) దాకా వెళ్లొచ్చు. చిక్కు ఏమిటంటే ఆటోఫోకస్ పోతుంది, ఇప్పటి లెన్సుల్లో చాలావాటికి అపర్చర్ (వెలుగు వచ్చే రంధ్రం) మార్చే రింగ్ ఉండదు కాబట్టి అపర్చర్ కూడా చేతిలో ఉండదు. పాత ఫిల్మ్ కెమెరాల లెన్సు ఎవరి అటక మీదైనా ఉంటే అడిగి తెచ్చుకోండి, రింగ్ తిప్పితే అపర్చర్ మారుతుంది.

రెండోది ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. వాటిలో గాజు ఉండదు, లెన్సుని సెన్సర్‌కి దూరం జరిపే డొల్ల గొట్టాలు అంతే. లెక్క సులువు: ట్యూబు పొడవుని లెన్సు ఫోకల్ లెంగ్తుతో భాగించండి. 50 మి.మీ. లెన్సుకి 25 మి.మీ. ట్యూబు వేస్తే సగం సైజు, 50 వేస్తే పూర్తి సైజు. విద్యుత్ కాంటాక్టులు ఉన్నవే కొనండి, లేకపోతే మళ్లీ అపర్చర్ తంటానే. మూడోది లెన్సు ముందు తగిలించే క్లోజప్ లెన్సు. రేనాక్స్ 250 లాంటివి టెలిజూమ్ ముందు బాగా పనిచేస్తాయి, కానీ పువ్వుకీ లెన్సుకీ మధ్య సుమారు 12 సెంటీమీటర్లే మిగులుతుంది.

నాలుగోది అసలు మాక్రో లెన్సు. కొనగలిగితే 90 లేదా 100 మి.మీ. తీసుకోండి, 60 వద్దు. 60తో 1:1కి వెళ్లేసరికి మీ నీడ పువ్వు మీద పడుతుంది, నీడ పడితే తేనెటీగ లేచిపోతుంది.

ఫోన్ ఉన్నవాళ్లు నిరాశపడనక్కర్లేదు. అయితే చవక ఫోన్లలో మాక్రో అని విడిగా ఇచ్చే 2 మెగాపిక్సెల్ కెమెరాని మర్చిపోండి, అది డబ్బా మీద రాసుకోవడానికి పెట్టిందే. ప్రధాన కెమెరాకి క్లిప్ లెన్సు తగిలించి, ఫోకస్ లాక్ చేసి, ఫోన్నే ముందుకీ వెనక్కీ జరుపుతూ తీయండి.

సెట్టింగులు, ఒక మిల్లీమీటరు గొడవ

క్లోజప్‌లో అందరినీ ఏడిపించేది ఫోకస్ లోతు. చిన్న సైజు సెన్సర్ ఉండే మామూలు క్రాప్ కెమెరాలో 1:1 దగ్గర అపర్చర్ ఎఫ్11 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) పెట్టినా స్పష్టంగా వచ్చే మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. సగం సైజుకి వెనక్కి తగ్గితే అదే ఎఫ్11కి రెండున్నర మిల్లీమీటర్లు దాటుతుంది. కాబట్టి కొత్తవాళ్లు 1:1 మోజు వదిలేసి సగం సైజులో తీసి, తర్వాత కత్తిరించుకోవడం మేలు.

అపర్చర్ ఇంకా మూసేస్తే అని అడుగుతారు. మూసేకొద్దీ డిఫ్రాక్షన్ (సన్న రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల బొమ్మ మొత్తం మెత్తబడుతుంది. పైగా 1:1 దగ్గర ఎఫ్11 అని చూపించినా అది పనిచేసేది ఎఫ్22 లాగా, వెలుగు నాలుగో వంతుకి పడిపోతుంది. తేనెటీగలకి నేను పెట్టేవి ఇవి: మాన్యువల్ మోడ్, ఎఫ్8 నుంచి ఎఫ్11, 1/200 సెకను, ఐఎస్ఓ (సెన్సర్ వెలుగుని పట్టే స్థాయి) 200 నుంచి 400, ఫ్లాష్ మాన్యువల్‌లో పూర్తి పవర్‌కి 1/8 నుంచి 1/32 వంతు.

ఫోకస్ కూడా మాన్యువలే. ఎంత దగ్గర కావాలో లెన్సుని అక్కడ పెట్టేసి రింగ్ మీంచి చెయ్యి తీసేయండి. ఇక ఫోకస్ చేసేది మీ నడుము. మెల్లగా ముందుకి ఊగుతూ తేనెటీగ కన్ను స్పష్టమైన క్షణంలో నొక్కండి. ఎడమచేత్తో కొమ్మని గానీ నేలని గానీ పట్టుకుని, అదే చేతి మీద లెన్సు ఆనిస్తే వణుకు సగం తగ్గుతుంది. తేనెటీగ ఒంటి పొడవు సెన్సర్‌కి సమాంతరంగా వచ్చేలా పక్కకి జరగండి, ఆ ఒక్క మిల్లీమీటరులోనే తలా, రెక్కా, కాలూ పడతాయి.

ఫ్లాష్: పెళ్లి ఫొటోగ్రాఫరుకి ఇక్కడే లాభం

తేనెటీగ రెక్కలు సెకనుకి రెండొందల సార్లకు పైగా కొట్టుకుంటాయి. 1/200 షట్టరుకి అవి ఆగవు, ఫ్లాష్‌కి ఆగుతాయి. పవర్ తగ్గించేకొద్దీ మెరుపు ఉండే కాలం తగ్గుతుంది. 1/16 దగ్గర చాలా ఫ్లాష్‌ల మెరుపు, సెకనుని కొన్ని వేల భాగాలు చేస్తే అందులో ఒక్క భాగమే. కదలికని ఆపేది ఆ మెరుపే. అందుకే ఎక్కువ వెలుగు కావాలంటే పవర్ పెంచే ముందు ఫ్లాష్‌ని పువ్వుకి దగ్గరగా తీసుకురండి.

ఊరికే కొడితే తేనెటీగ కళ్ల మీద తెల్లటి చుక్క పడుతుంది, నల్ల తుమ్మెద వీపు అద్దంలా మెరుస్తుంది. వెలుగుని మెత్తబరిచే డిఫ్యూజర్ కావాలి. టీవీ ప్యాకింగులో వచ్చే తెల్లటి పల్చని ఫోమ్ షీటు దాచుకోండి. దాన్ని లెన్సు మూతి మీంచి వంపుగా పందిరిలా వంచి, ఫ్లాష్ తలకి రబ్బరు బ్యాండుతో కట్టండి. పువ్వుకి ఆ షీటు ఎంత దగ్గరైతే, ఎంత పెద్దదిగా కనబడితే వెలుగు అంత మెత్తన. కొన్న డిఫ్యూజర్లు రెండున్నాయి నా దగ్గర, బీరువాలో ఉన్నాయి.

వెనక ఏమీ లేకపోతే ఫొటోలో నేపథ్యం నల్లగా వస్తుంది. పొద్దున్న పది గంటలకు తీసిన పువ్వు అర్ధరాత్రి తీసినట్టుంటే బాగోదు. పువ్వు వెనక జానెడు దూరంలో ఒక ఆకు ఉండే కోణం వెతకండి, లేదా ఐఎస్ఓ 800కి పెంచి బయటి వెలుగుని కాస్త కలవనివ్వండి.

ఎవరొస్తారో తెలిస్తే ఎలా తీయాలో తెలుస్తుంది

పెద్ద తేనెటీగ దాదాపు రెండు సెంటీమీటర్లు ఉంటుంది. పుట్టల్లో, చెట్టు తొర్రల్లో పట్టు పెట్టేది దానిలో సగం. పొదల్లో చిన్న పట్టు పెట్టేది ఇంకా చిన్నది. కుట్టని చిట్టి తేనెటీగ మూణ్నాలుగు మిల్లీమీటర్లే, దానికి మాత్రం 1:1 దాటాలి. ఈ అన్నిటి వెనక్కాళ్ల మీదా పుప్పొడి ముద్దలు ఉంటాయి, తీయదగింది అవే. ఆకులు గుండ్రంగా కత్తిరించుకుపోయే తేనెటీగ కాళ్ల మీద మోయదు. పొట్ట కింద వెంట్రుకల్లో పుప్పొడి నింపుకుని తోక పైకెత్తి తిరుగుతుంది, దాన్ని కింద నుంచి తీయాలి.

మొదట సాధన చేయడానికి తేనెటీగ కంటే పూల ఈగ మేలు. చారలు చూసి తేనెటీగ అనుకుంటారు గానీ దానికి రెండే రెక్కలు, పొట్టి మీసాలు, ముఖం నిండా కళ్లు. గడ్డి చామంతి మీద వాలి కదలకుండా కూర్చుంటుంది, మళ్లీ మళ్లీ అదే పువ్వుకి వస్తుంది.

జిల్లేడు దగ్గర పెద్ద నల్ల తుమ్మెద కనిపిస్తే దాని కాళ్ల వైపు చూడండి. జిల్లేడు పుప్పొడి పొడిగా ఉండదు. జంట సంచుల్లా మైనపు ముద్దలుగా ఉండి పురుగు కాలికి క్లిప్పులా తగులుకుంటుంది. తుమ్మెద కాలికి వేలాడే ఆ పసుపు సంచులు ఒక్క ఫొటోలో పడితే ఆ రోజుకి చాలు. మునగ, జనుము కూడా తుమ్మెదలకి ఇష్టం. తేనెపిట్టలు మోదుగ పూలకి వస్తాయి గానీ వాటికి టెలి లెన్సు కావాలి, అది ఇంకో పని.

వంగ పువ్వు: ఒక్క పొద్దుట అంతా దీనికే ఇవ్వండి

వంగ పువ్వులో పుప్పొడి బయటికి కనబడదు. మధ్యలో పసుపు కొమ్ముల్లా ఉండే తిత్తుల లోపల ఉంటుంది, కొనలకు చిన్న రంధ్రాలు మాత్రమే ఉంటాయి. ఉప్పు డబ్బా బోర్లించి ఊపితే ఉప్పు రాలినట్టు, ఎవరో ఊపితే తప్ప రాలదు. మామూలు తేనెటీగకి ఆ ఊపడం రాదు. నీలిచారల తేనెటీగకీ, తుమ్మెదకీ వచ్చు. పువ్వుని కరుచుకుని, రెక్కలు కదపకుండా రెక్కల కండరాలనే సెకనుకి కొన్ని వందల సార్లు వణికిస్తాయి. పుప్పొడి వాటి పొట్ట మీదికి చిమ్ముతుంది.

దీన్ని చెవితో పట్టుకోవాలి. ఎగిరేటప్పుడు ఉండే మోత ఆగి, ఉన్నట్టుండి సన్నగా, గట్టిగా "జుయ్" అని తెగితెగి వినిపిస్తుంది. ఆ శబ్దానికే నొక్కండి, కంటితో చూసి నొక్కితే ఆలస్యమైపోతుంది.

వంగ పువ్వు తలదించుకుని ఉంటుంది కాబట్టి నేల మీద కూర్చోక తప్పదు, కెమెరా పువ్వు కంటే కిందికి రావాలి. పుప్పొడి దుమ్ము కనబడాలంటే వెలుగు వెనక నుంచి రావాలి. రెండో ఫ్లాష్‌ని పువ్వు వెనక పక్కగా, లెన్సులోకి నేరుగా కొట్టకుండా, 1/32లో పెట్టండి. వెనక ముదురు రంగు ఆకులుండాలి. ముందు ఫ్లాష్ బాగా తగ్గించేయండి. దుమ్ము మెరిసిన ఫొటో నాకు మూడు పూతకాలాల్లో నాలుగే దొరికాయి. మీకు మొదటి రోజే దొరికితే నాకు చెప్పకండి.

ఈ నీలిచారల తేనెటీగ మట్టిగోడల్లో, మెత్తటి నేలలో ఒంటరిగా బొరియ చేసుకుంటుంది. మగవి మాత్రం చీకటి పడే వేళ ఒక ఎండు పుల్ల మీదికి చేరి, దవడలతో దాన్ని కరిచిపట్టుకుని వరసగా వేలాడుతూ నిద్రపోతాయి. తరచుగా రోజూ అదే పుల్లకి వస్తాయి. సాయంత్రం వెతికి గుర్తుపెట్టుకుని, తెల్లారకముందే ట్రైపాడ్‌తో వెళ్లండి. మంచు పడ్డ పొద్దున్న ఒంటి నిండా నీటిబొట్లతో కదలకుండా ఉంటాయి. ఎండ తగిలేదాకా మీకు తీరుబడే. పుల్లని విరిచి ఇంటికి తేవడం, పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి తీయడం లాంటివి చేసేవాళ్లున్నారు. చేయకండి.

పుప్పొడి ఒక్కటే తీయాలంటే

దీనికి మందారం. దాని పుప్పొడి రేణువు 100 నుంచి 200 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మధ్య ఉంటుంది, అంటే కంటికే చుక్కలా కనబడుతుంది. గుమ్మడిదీ అంత పెద్దదే. వంగ పుప్పొడి వీటి ముందు పిండి లాంటిది, విడివిడిగా రేణువు పట్టడం కష్టం. 24 మెగాపిక్సెల్ క్రాప్ కెమెరాలో ఒక్కో పిక్సెల్ సుమారు 4 మైక్రాన్లు. 1:1లో మందార రేణువు ముప్పై, నలభై పిక్సెళ్ల గుండ్రటి మచ్చ. 3:1కి వెళితే వందకు పైగా పిక్సెళ్లు, దాని ఒంటి మీద ముళ్లు కూడా కనబడతాయి.

ఈ పని ఇంట్లోనే. దేవుడికి కోసిన పూలలో ఒకటి తీసుకోండి. ఫ్యాను ఆపండి. కాడకి తడి దూది చుట్టి, బట్టల క్లిప్పుతో బల్లకి బిగించండి. లెన్సు తిరగేసి 3:1కి పెట్టండి. ఇక్కడ ఎఫ్11 పెడితే పనిచేసేది ఎఫ్44లా, ఫొటో మొత్తం మెత్తబడిపోతుంది. అందుకే ఎఫ్5.6. దానికి ఫోకస్ లోతు మిల్లీమీటరులో పదో వంతే వస్తుంది కాబట్టి స్టాకింగ్ (వేర్వేరు లోతుల్లో తీసిన ఫొటోలను ఒకటిగా కలపడం) తప్పదు: కెమెరాని మర స్లైడు మీద 0.07 మి.మీ. చొప్పున జరుపుతూ తీయాలి. రెండు మిల్లీమీటర్ల లోతున్న తిత్తుల గుత్తికి ముప్పై ఫొటోలు. వాటిని హెలికాన్ ఫోకస్ సాఫ్ట్‌వేర్‌లో గానీ, జెరీన్ స్టాకర్‌లో గానీ కలపండి. డబ్బు పెట్టలేకపోతే పికోలే ఉచితం. ఇంట్లో ఎవరూ తలుపు గట్టిగా వేయకుండా ముందే చెప్పుకోండి, ఇరవై ఎనిమిదో ఫొటో దగ్గర నాకు జరిగిన నష్టం ఇది.

తోటలోకి వెళ్లేముందు

అడిగి వెళ్లండి. పొలంలో మోకాళ్ల మీద కెమెరాతో కనిపిస్తే మా దగ్గర భూమి సర్వేకి వచ్చారనే అనుకుంటారు. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవంటున్న కొటియా ఊళ్ల వైపు వెళితే మొదటి ప్రశ్న మీరు ఏ రాష్ట్రం తరఫున అనే. తేనెటీగ కోసం వచ్చానంటే నవ్వి దారి చూపిస్తారు. ఒడియాలో మహుమాఛి అనండి, అర్థమవుతుంది. జీడితోట యజమానిని ఇంకో మాట కూడా అడగండి: మందు ఎప్పుడు కొట్టారు? కొట్టిన తోటలో తేనెటీగలూ ఉండవు, మీరూ ఉండకూడదు.

పెద్ద తేనెటీగ పువ్వు మీద ఉన్నప్పుడు మిమ్మల్ని పట్టించుకోదు. దాని పట్టు దగ్గరికి మాత్రం ఫ్లాష్‌తో వెళ్లకండి. ఒకటి కుట్టిందంటే మిగతావాటిని పిలిచే వాసన వదులుతుంది, ఆ వాసన అచ్చం అరటిపండులా ఉంటుంది. అందుకని నేను తోటకి అరటిపళ్లు పట్టుకెళ్లను, అత్తరూ పూసుకోను. కుడితే ముల్లుని గోటితో వెంటనే గీకేయండి, ఆలస్యమయ్యేకొద్దీ విషం దిగుతుంది. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా ఇంటి చిట్కాలు పక్కనపెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇంటికొచ్చాక ఎడిటింగ్‌లో పసుపు రంగు జోలికి ఎక్కువ వెళ్లకండి. పసుపు త్వరగా పొంగిపోయి వలిసె రేకుల మీద గీతలు చెరిగిపోతాయి, కాస్త తక్కువ వెలుగులో తీసి తర్వాత పెంచుకోవడం నయం. వానాకాలంలో లెన్సుని సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరని డబ్బాలో పెట్టండి, మా చెమ్మకి బూజు పట్టడానికి నెల చాలు.

పురుగు పేరు తెలియకపోతే తారీకు, ఊరు, పువ్వు పేరుతో సహా ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లో పెట్టండి, తెలిసినవాళ్లు చెబుతారు. ఒక్క ఫొటో కాకుండా ముఖం, పక్క, రెక్క మూడూ పెడితేనే తేల్చగలరు. నా మొదటి నీలిచారల తేనెటీగ ఇంకా పూర్తి పేరు లేకుండానే ఉంది, ఎందుకంటే ఆ రోజు వీపు ఒక్కటే తీశాను.